రెండు వరుసల బిల్లు: రాజ్యాంగం అధికారాన్ని ఎవరెవరికి పంచింది?

సికింద్రాబాద్‌లో ఒక మామూలు హోటల్లో 300 రూపాయల బిర్యానీ తిని బిల్లు తీసుకుంటే, అడుగున చిన్న అక్షరాల్లో రెండు వరుసలు కనిపిస్తాయి. సీజీఎస్టీ 2.5 శాతం, ఏడు రూపాయల యాభై పైసలు. ఎస్‌జీఎస్టీ 2.5 శాతం, మళ్లీ అంతే. మొదటిది కేంద్ర ఖజానాకు, రెండోది రాష్ట్ర ఖజానాకు. ఆ హోటల్ ముందు తెల్లవారుజామున రోడ్డు ఊడ్చేదీ, మిగిలిన ఎంగిలి విస్తళ్లను ఎత్తుకుపోయేదీ, వెనక సందులో దీపం వెలిగించేదీ మునిసిపల్ కార్పొరేషన్. దానికి ఆ బిల్లులో వరుస లేదు.

మన రాజ్యాంగం అధికారాన్ని పంచిన తీరు చాలావరకు ఈ కాగితం ముక్కలోనే ఉంది. కేంద్రానికి, రాష్ట్రానికి వాటాలు రాసి ఇచ్చింది. ఊరికి మాత్రం, రాష్ట్రం దయతలచి ఇస్తే తీసుకోమంది. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలంటే హైదరాబాద్‌ను మించిన నగరం దొరకదు. అధికార విభజనలోని దాదాపు ప్రతి తగువూ ఈ నగరం గడపలోంచే వెళ్లింది.

అసలు రాజ్యాంగం చేసే మొదటి పని అధికారాన్ని పంచడం కాదు, పుట్టించడం. 1948 సెప్టెంబరు దాకా హైదరాబాద్ సంస్థానంలో అధికారానికి మూలం నిజాం ఫర్మానా. 1949 నవంబరు 23న నిజాం విడుదల చేసిన మరో ఫర్మానా, త్వరలో అమల్లోకి రాబోయే భారత రాజ్యాంగమే హైదరాబాద్‌కూ రాజ్యాంగమని ఒప్పుకుంది. 1950 జనవరి 26 నుంచి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రాజప్రముఖ్, అంటే రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాధినేత అయ్యారు. మనుషులకు ఇది పేరు మార్పులా కనిపించి ఉండవచ్చు. నిజానికి తలకిందులైంది అప్పుడే. అంతకుముందు చట్టం ఆయన నోటి నుంచి వచ్చేది. ఆ రోజు నుంచి ఆయన పదవే ఒక చట్టం నుంచి వచ్చింది.

ఇందులో ఒక వెలితి కూడా ఉంది. దేశంలోకెల్లా పెద్ద సంస్థానాల్లో ఒకటైన హైదరాబాద్‌కు రాజ్యాంగ సభలో ప్రతినిధులు లేరు. రాజ్యాంగం వచ్చాక కూడా హైదరాబాద్ పాత సంస్థానాల కోవకు చెందిన ‘బి’ భాగం రాష్ట్రంగా చేరింది. ఆ రాష్ట్రాల ప్రభుత్వాలు పదేళ్లపాటు రాష్ట్రపతి సాధారణ అదుపులో ఉండాలని అప్పటి 371వ అధికరణ చెప్పింది. 1952 ఎన్నికల తరువాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యేదాకా ఇక్కడ ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వమే లేదు. రాష్ట్రాలన్నీ సమాన హోదాతో కలిసి దేశాన్ని కట్టాయన్న ఊహకు హైదరాబాద్ అనుభవమే మొదటి దిద్దుబాటు.

ఇక పంపకం. 246వ అధికరణ, దానికి జతగా ఏడో షెడ్యూలు. ఏ విషయంపై ఎవరు చట్టం చేయాలో చెప్పే కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అన్న మూడింటి పద్ధతి 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం నుంచి వచ్చింది. మొదట్లో కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలు ఉండేవి. పాఠ్యపుస్తకం ఇక్కడితో ఆగుతుంది. జాబితాలు బతికేది మాత్రం వీధిలో.

ముషీరాబాద్ వైపు ఏదో ఒక సందులో వానలకు ముందు తవ్విన గోతిలోకి తొంగి చూద్దాం. పైన తారు పొర, దాని కింద ఎర్రమట్టి. ఒక పక్క తుప్పు పట్టిన ఇనుప గొట్టం. దాన్ని ఆనుకుని నారింజ రంగు ప్లాస్టిక్ గొట్టంలో సన్నటి తీగలు. ఇంకొంచెం లోతులో చేతి మణికట్టంత లావు నల్ల కేబుల్. ఇనుప గొట్టంలోవి నీళ్లు. అది రాష్ట్ర జాబితాలో 17వ అంశం. కానీ ఆ నీళ్లు కృష్ణ నుంచి వస్తున్నాయనుకుంటే, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలో 56వ అంశం. ఆ నది నీటి పంపకంపై తగువు వస్తే ఏ కోర్టూ జోక్యం చేసుకోకుండా పార్లమెంటు చట్టం చేయవచ్చని 262వ అధికరణ చెబుతుంది. కృష్ణా జలాలు ట్రిబ్యునళ్ల చుట్టూ తిరుగుతున్నది అందుకే. నారింజ గొట్టంలోని ఫోను, ఇంటర్నెట్ తీగలు కేంద్ర జాబితాలో 31వ అంశం. నల్ల కేబుల్‌లోని కరెంటు ఉమ్మడి జాబితాలో 38. గోతి పైనున్న రోడ్డు రాష్ట్ర జాబితాలో 13, అదే జాతీయ రహదారి అయితే కేంద్ర జాబితాలో 23. దానిమీద తిరిగే వాహనాలు ఉమ్మడి జాబితాలో 35. గోతి పక్కన చెయ్యి అడ్డుపెట్టి బండ్లను మళ్లిస్తున్న కానిస్టేబుల్, రాష్ట్ర జాబితాలో 2.

ఆ గోతిని పూడ్చేవాళ్లు లేక వారాల తరబడి నోరు తెరుచుకుని ఉంటే అధికారుల అలసత్వం అని తిట్టుకుంటాం. సగం నిజం అదే. మిగతా సగం, అంతమందికి తవ్వే హక్కు ఉండి, వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టే అధికారం ఊరి ప్రతినిధికి లేకపోవడం. ఈ మాటకు మళ్లీ వద్దాం.

ఉమ్మడి జాబితా విషయంలో ఒక అపోహ బలంగా ఉంది. ఉమ్మడి అంటే ఇద్దరికీ సమానం అనుకుంటారు. 254వ అధికరణ ప్రకారం కేంద్ర చట్టం, రాష్ట్ర చట్టం ఒకదానికొకటి పొసగకపోతే కేంద్ర చట్టానిదే పైచేయి. రాష్ట్రానికి ఒక్క దారి ఉంది. తన బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంటే ఆ రాష్ట్రంలో అది చెల్లుతుంది. పార్లమెంటు 2013లో చేసిన భూసేకరణ చట్టాన్ని తెలంగాణ తనకు కావలసినట్లు సవరించుకున్నది ఈ దారిలోనే, 2017లో రాష్ట్రపతి ఆమోదం పొంది. అంటే ఉమ్మడి జాబితాలో రాష్ట్రం తన మాట నెగ్గించుకోవాలన్నా ఢిల్లీ సంతకం కావాలి.

ఆ జాబితా పెరిగిన తీరు కూడా గమనించదగినది. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో 42వ సవరణ అయిదు అంశాలను రాష్ట్రాల చేతుల్లోంచి తీసి ఉమ్మడి జాబితాలో వేసింది. విద్య, అడవులు, తూనికలు కొలతలు, వన్యప్రాణుల రక్షణ, న్యాయ పాలన. వీటిలో విద్య మార్పు హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల గోడల మీద కనిపిస్తుంది. ఎంసెట్ అంటేనే డాక్టరు, ఇంజనీరు అని రెండు తరాల తెలుగు పిల్లలు అలవాటుపడ్డారు. ఇప్పుడు ఇంజనీరింగ్‌కు రాష్ట్ర పరీక్ష, వైద్యానికి దేశమంతటికీ ఒకటే నీట్. దీనికి చట్టబద్ధమైన ఆధారం ఉమ్మడి జాబితాలోని విద్యతోపాటు, ఉన్నత విద్య ప్రమాణాల సమన్వయాన్ని మొదటి నుంచీ కేంద్రానికి అప్పగించిన 66వ అంశం. రెండు జాబితాల్లోని రెండు వాక్యాలు కలిసి ఒక పదిహేడేళ్ల అమ్మాయి పరీక్షల పట్టికను మార్చేశాయి.

ఏ జాబితాలోనూ లేనివి కేంద్రానికే చెందుతాయి. 248వ అధికరణ అంటే అదే. అమెరికాలో 1791 నాటి పదో సవరణ మిగిలిన అధికారాలను రాష్ట్రాలకు, ప్రజలకు వదిలింది. మన రాజ్యాంగ నిర్మాతలు దేశ విభజన గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో అందుకు పూర్తి విరుద్ధంగా నిర్ణయించారు.

విషయాన్ని బట్టి కాకుండా స్థలాన్ని బట్టి కూడా అధికారం చేతులు మారుతుంది. అది కళ్లారా చూడాలంటే ప్యారడైజ్ కూడలి నుంచి ఉత్తరం వైపు కాస్త దూరం వెళితే చాలు. స్థానిక పాలన రాష్ట్ర జాబితాలో 5వ అంశం. సైనిక స్థావరాలుండే కంటోన్మెంట్‌లలో స్థానిక పాలన మాత్రం కేంద్ర జాబితాలో 3వ అంశం. అదే నగరం, అదే ట్రాఫిక్, అదే ఎండ. కానీ గీత దాటగానే నల్లా కనెక్షన్, ఇంటి అనుమతి, వీధి దీపం అన్నీ రక్షణ మంత్రిత్వ శాఖ కింద పనిచేసే బోర్డు చేతిలోకి పోతాయి. 1806లో బ్రిటిష్ సైన్యం కోసం వెలిసిన బస్తీ హద్దు ఇప్పటికీ అక్కడి వాళ్ల దినచర్యను నిర్ణయిస్తోంది. రక్షణ భూముల మీదుగా రాజీవ్ రహదారి వైపు, నాగపూర్ రహదారి వైపు పైవంతెన దారులు కట్టాలన్న రాష్ట్ర ప్రతిపాదన ఏళ్ల తరబడి ఆగి, 2024 మార్చిలో కేంద్రం అనుమతి ఇచ్చాకే కదిలింది. కంటోన్మెంట్ వాసుల ఓటు సంగతి ఇంకా బాధాకరం. 2015లో ఎన్నికైన బోర్డు గడువు తీరిపోయాక, 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటించారు. పోలింగ్‌కు ముందే కేంద్రం ఆ నోటిఫికేషన్‌ను రద్దు చేసింది. చెత్త పన్ను కట్టే మనిషికి తన వార్డు సభ్యుడిని ఎన్నుకునే హక్కు ఒక్క గెజిట్ కాగితంతో పోయింది.

రాష్ట్రం హద్దులపైనే చివరి మాట ఎవరిది? 3వ అధికరణ ఈ ప్రశ్నకు దాపరికం లేకుండా జవాబిస్తుంది. పార్లమెంటు మామూలు మెజారిటీతో చేసే చట్టం ద్వారా రాష్ట్రాన్ని విడదీయవచ్చు, కలపవచ్చు, పేరు మార్చవచ్చు. బిల్లును రాష్ట్ర శాసనసభకు పంపాలి, అభిప్రాయం అడగాలి. ఒప్పుకోవాలన్న షరతు లేదు. 2014 జనవరి 30న హైదరాబాద్‌లోని శాసనసభ పునర్విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాన్ని ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఆ అధికరణ లేకుంటే దశాబ్దాల ఉద్యమానికి రాజ్యాంగబద్ధమైన ముగింపు దొరికేది కాదు, ఎందుకంటే ఉమ్మడి సభలో తెలంగాణ ప్రాంతం ఎప్పటికీ మైనారిటీయే. అదే అధికరణ, ఏ రాష్ట్రమైనా తన ఉనికి కోసం పార్లమెంటు మీద ఆధారపడి ఉందని కూడా చెబుతోంది. ఈ రెండూ ఒకేసారి నిజం. ఎవరికి నచ్చిన సగాన్ని వాళ్లు చెప్పుకోవడం వల్లే ఈ చర్చ ఇన్నేళ్లుగా ముందుకు సాగడం లేదు.

పైగా అదే పునర్విభజన చట్టంలోని 8వ సెక్షన్, ఉమ్మడి రాజధాని ప్రాంతంలో ప్రాణ, ఆస్తి రక్షణపై గవర్నర్‌కు ప్రత్యేక బాధ్యత అప్పగించింది. శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలో మొట్టమొదటి అంశం. అయినా 2024 జూన్ 2తో పదేళ్లు నిండేదాకా హైదరాబాద్‌లో దానిమీద ఒక మినహాయింపు నిలిచే ఉంది.

డబ్బు దగ్గరికి వస్తే పంపకం మరింత ముడిపడిపోతుంది. ఎక్కువ రాబడి వచ్చే పన్నులు కేంద్రానివి, ఎక్కువ ఖర్చు అయ్యే పనులు రాష్ట్రానివి. ఆసుపత్రి, బడి, పోలీసు, సాగునీరు రాష్ట్రమే చూసుకోవాలి. ఈ తూకాన్ని సరిచేయడానికి 280వ అధికరణ కింద ఆర్థిక సంఘం ఉంది. పంచవలసిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. ఆ సంఘం కింద తెలంగాణ వాటా 2.102 శాతం. అంతకుముందు 14వ సంఘం కింద అది 2.437 శాతం. తలసరి ఆదాయం ఎక్కువున్న రాష్ట్రానికి తక్కువ వాటా వచ్చేలా సూత్రం రాయడమే ఈ తగ్గుదలకు ఒక ముఖ్య కారణం. ‘పంచవలసిన’ అన్న మాట కూడా ముఖ్యం. సెస్సులు, సర్‌చార్జీలు ఆ లెక్కలోకి రావు. కేంద్రం పన్ను పెంచితే రాష్ట్రంతో పంచుకోవాలి, సెస్సు వేస్తే అక్కర్లేదు.

బిర్యానీ బిల్లులోని రెండు వరుసలు 2016లో వచ్చిన 101వ సవరణ ఫలితం. అది 246ఎ అధికరణను చేర్చి, సరుకులు, సేవలపై పన్ను వేసే అధికారాన్ని కేంద్రానికీ రాష్ట్రాలకూ ఒకేసారి ఇచ్చింది. రేట్లు తేల్చే జీఎస్టీ మండలిలో కేంద్రం ఓటు విలువ మూడింట ఒక వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు. ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. లెక్క వేసి చూస్తే, దేశంలోని రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం లేకుండా ఏమీ నెగ్గించుకోలేవు. కేంద్రం ఒక్కటి వద్దంటే ఆగిపోతుంది.

కేంద్రానికి, రాష్ట్రానికి మధ్య గీతను రాజ్యాంగం అంకెలు వేసి మరీ గీసింది. శాసన, కార్యనిర్వాహక, న్యాయ వ్యవస్థల మధ్య గీతను అంత స్పష్టంగా గీయలేదు. అమెరికాలో మంత్రి హోదాలో ఉన్నవారు చట్టసభలో సభ్యులుగా ఉండకూడదు. ఇక్కడ మంత్రి అయిన ఆరు నెలల్లోపు సభ్యులు కాకపోతే పదవి పోతుంది. ప్రభుత్వం సభలోనే కూర్చుంటుంది. సభ విశ్వాసమే దాని ఊపిరి. కాబట్టి విశ్వాసం ఉందో లేదో ఎక్కడ తేల్చాలన్నది ప్రాణప్రదమైన ప్రశ్న. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆ ప్రశ్నను రాజ్‌భవన్‌లోనే తేల్చేశారు. ఎన్.టి. రామారావు మంత్రివర్గాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. సరిగ్గా నెల రోజులకు, సెప్టెంబరు 16న, రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. మెజారిటీని లెక్కించవలసిన చోటు సభ తప్ప గవర్నర్ గది కాదని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 1994లో బొమ్మై కేసులో నిర్ద్వంద్వంగా చెప్పింది. ఆ మాట వెనక హైదరాబాద్ వీధుల్లో గడిచిన ఆ నెల రోజుల జ్ఞాపకం కూడా ఉందనుకోవడం తప్పు కాదు.

అంతగా చెప్పుకోని మరో కథ ఉంది. చెప్పుకోవలసింది అదే. 1969 తెలంగాణ, 1972 ఆంధ్ర ఉద్యమాల తరువాత ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని అమలు చేయడానికి 1973లో 32వ సవరణ 371డి అధికరణను చేర్చింది. స్థానికత, జోన్లు అనగానే తెలుగు ఉద్యోగులందరికీ గుర్తొచ్చేది ఈ అధికరణే. ఉద్యోగుల వివాదాలు తేల్చడానికి హైదరాబాద్‌లో పరిపాలనా ట్రిబ్యునల్ పెట్టే వీలు కూడా అందులోనే ఉంది. అయిదో క్లాజులో ఒక విచిత్రమైన ఏర్పాటు ఉండేది. ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాకో, మూడు నెలలు గడిచాకో అమల్లోకి వస్తుంది. ఈలోగా ప్రభుత్వం ఆ తీర్పును మార్చవచ్చు, కొట్టివేయనూ వచ్చు. ఒక టీచరు తన సీనియారిటీ కోసం ప్రభుత్వంపై కేసు వేసి, ఏళ్లపాటు తిరిగి, గెలిచి, తీర్పు ప్రతి చేతిలో పట్టుకుని బయటికి వస్తే, ఓడిపోయిన ప్రభుత్వమే ఆ కాగితాన్ని చెల్లదనగలదు. ప్రతివాదే పై కోర్టు. ఇది మామూలు జీవో కూడా కాదు, రాజ్యాంగంలోనే రాసి ఉన్న మాట. అయినా 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. తనపై వచ్చిన తీర్పును తానే రద్దు చేసుకోగల ప్రభుత్వం ఉన్నచోట చట్టబద్ధ పాలన ఉండదని, అది సవరణతోనైనా చెరపకూడని రాజ్యాంగ మౌలిక స్వరూపానికి విరుద్ధమని తేల్చింది.

మౌలిక స్వరూపం అన్న సిద్ధాంతం 1973 కేశవానంద భారతి తీర్పులో 13 మంది న్యాయమూర్తుల్లో ఏడుగురి మాటగా పుట్టింది. అది న్యాయమూర్తులు అల్లిన నైరూప్య సిద్ధాంతమని విమర్శించేవాళ్లకు ఆ ట్రిబ్యునల్ మెట్లు దిగివచ్చే ఉద్యోగే జవాబు. 1993లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు, హైకోర్టుల సమీక్షాధికారాన్ని ట్రిబ్యునళ్ల పేరుతో తొలగించడం కుదరదని తీర్పు ఇచ్చింది. 1997లో సుప్రీంకోర్టు ఏడుగురి ధర్మాసనం ఆ దారినే స్థిరపరిచింది. మూసీ ఒడ్డున ఉన్న ఆ భవనం నుంచి దేశం మొత్తానికి వెళ్లిన మాట అది.

అన్ని గీతలూ ఇంత శుభ్రంగా తేలలేదు. పార్టీ ఫిరాయించిన సభ్యుల అనర్హతను తేల్చే అధికారం పదో షెడ్యూలు ప్రకారం స్పీకర్‌ది. స్పీకర్ సాధారణంగా ఆ ఫిరాయింపు వల్ల లాభపడే పక్షం నుంచే వస్తారు. తెలంగాణలో పదిమంది ఎమ్మెల్యేల విషయంలో 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పవలసి వచ్చింది. గవర్నర్ల దగ్గర ఆగిపోయిన బిల్లుల సంగతీ అంతే. తెలంగాణ ప్రభుత్వం 2023లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం, గవర్నర్‌కు కోర్టులు గడువు విధించలేవని, అలాగని బిల్లును అంతులేకుండా తొక్కిపెట్టడమూ కుదరదని చెప్పింది. ఎన్నికైన సభ చేసిన చట్టానికి తలుపు ఎంతకాలం మూసి ఉండవచ్చన్నది ఇంకా గాలిలోనే ఉంది.

ఇక మొదట వదిలిన మాట. 1992లో చేసిన 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పట్టణాలకు రాజ్యాంగంలో చోటు దొరికింది. 12వ షెడ్యూలు వాటికి 18 విధులు లెక్కపెట్టింది. పట్టణ ప్రణాళిక, తాగునీరు, రోడ్లు వంతెనలు, ప్రజారోగ్యం, అగ్నిమాపక సేవలు, మురికివాడల అభివృద్ధి. చదివితే మునిసిపాలిటీ ఒక చిన్న ప్రభుత్వమనిపిస్తుంది. అసలు కీలకం 243డబ్ల్యూ అధికరణలోని క్రియాపదంలో ఉంది. రాష్ట్ర శాసనసభ ఈ అధికారాలను చట్టం ద్వారా ‘ఇవ్వవచ్చు’. ఇవ్వాలి అనలేదు. ఏడో షెడ్యూలులో రాష్ట్రానికి దొరికిన హామీ 12వ షెడ్యూలులో నగరానికి దొరకలేదు.

ఆ ఒక్క మాట నుంచే హైదరాబాద్ పాలన రూపం వచ్చింది. తాగునీరు 1989 చట్టంతో ఏర్పడిన జలమండలి చేతిలో, ప్రణాళిక మహానగర అభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ చేతిలో, అగ్నిమాపకం రాష్ట్ర శాఖ చేతిలో, చెరువుల రక్షణ 2024లో వచ్చిన హైడ్రా చేతిలో. కార్పొరేషన్‌లో కూడా కార్యనిర్వాహక అధికారం 1955 నాటి చట్టం ప్రకారం రాష్ట్రం నియమించే కమిషనర్‌ది. మేయర్ సమావేశానికి అధ్యక్షత వహిస్తారు. గోతి దగ్గరికి వచ్చి జనం తిట్లు తినేది కార్పొరేటర్. ఆ గోతిని తవ్విన సంస్థల్లో ఒక్కదానికీ ఆ కార్పొరేటర్ ఆదేశం ఇవ్వలేరు. ఈ ఏర్పాటును సామర్థ్యం పేరుతో సమర్థించేవాళ్లు ఉన్నారు. నిపుణుల సంస్థలు నీళ్లనూ ప్రణాళికనూ బాగా చూసుకోగలవన్న మాట కొట్టిపారేయదగినది కాదు. కానీ వాటి తప్పుకు ఓటుతో జవాబు చెప్పించే దారి ఏదని అడిగితే, నగర పౌరుడు అయిదేళ్లకోసారి రాష్ట్ర ఎన్నికల దాకా ఆగవలసిందే. ఆ ఎన్నికల్లో మురుగుకాలువ ఎప్పుడూ ప్రధానాంశం కాదు.

రాజ్యాంగం ‘తప్పనిసరి’ అన్నచోట ఏం జరిగిందో కూడా చూడాలి. మునిసిపాలిటీ గడువు తీరకముందే కొత్త ఎన్నికలు పూర్తి కావాలని 243యు అధికరణ స్పష్టంగా అంటుంది. 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలను కలుపుకొని 2007 ఏప్రిల్‌లో ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ తొలి పాలకమండలి గడువు 2014 డిసెంబరులో ముగిసింది. కొత్త మండలి కోసం పోలింగ్ జరిగింది 2016 ఫిబ్రవరి 2న. మధ్యలో పద్నాలుగు నెలలు నగరాన్ని ప్రత్యేకాధికారి నడిపారు. అసెంబ్లీ గడువు తీరాక పద్నాలుగు నెలలు ఎన్నికలు లేకుండా ఒక అధికారి రాష్ట్రాన్ని నడిపితే దేశమంతా గగ్గోలు పుడుతుంది. కార్పొరేషన్‌కు అదే జరిగితే పత్రికల్లో జిల్లా పేజీ వార్త అయింది. ఆ పద్నాలుగు నెలలూ ఆస్తి పన్ను నోటీసులు మాత్రం ఇళ్లకు వేళకే వచ్చాయి.